ఆటగాడూ, పరిశోధకుడూ – ఒక సికింద్రాబాదు తీర్పు నేర్పే పాఠం

ఆటను గురించి ఒక అభిప్రాయం చెప్పడం తేలిక. ఆ అభిప్రాయం నిజమని చూపడం కష్టం. అది చూపే ప్రయత్నంలో ఆటగాడికి హాని కలగకుండా చూసుకోవడం మరింత కష్టం. నేడు మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, వ్యాయామవిద్య, న్యాయశాస్త్రం, కంప్యూటరు శాస్త్రం చదివే విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆటలను, ఆటగాళ్ళను పరిశోధన విషయంగా తీసుకొంటున్నారు. మైదానంలో క్రికెట్ ఆడే కుర్రవాడు మొదలుకొని సెల్‌ఫోనులో ఆటలాడే ఉద్యోగి వరకు అందరూ వారి పరిశీలనకు వచ్చేవారే. ఈ పరిశోధనకు కావలసిన సామగ్రి స్వల్పం: ఒక ప్రశ్నావళి, ఒక కంప్యూటరు ఉంటే చాలును. సామగ్రి స్వల్పం కావడం చేతనే పొరపాటుకూ, మోసానికీ అవకాశం ఎక్కువ. రసాయనశాలలో తప్పు చేస్తే గాజుకుప్పె పగిలి అందరికీ తెలుస్తుంది. ప్రశ్నావళిలో చేసిన తప్పు చప్పుడు చేయదు.

ఈ సంగతిని పరీక్షించడానికి దూరం పోనక్కరలేదు. పేకాటను గురించి వ్రాసేవారు తరచుగా ఆధారం చూపే వాక్యం ఒకటున్నది: రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు నిర్ణయించింది, అన్నది ఆ వాక్యం. ఆ నిర్ణయానికి మూలమైన వ్యాజ్యం పుట్టింది సికింద్రాబాదులోనే. ఆ వాక్యం ఎక్కడినుంచి బయలుదేరిందో, దారిలో దానినుంచి ఏమేమి జారిపోయినవో పరిశీలిస్తే, ఆటగాళ్ళపై పరిశోధన చేసే విద్యార్థి పాటించవలసిన నియమాలలో ముఖ్యమైనవి చాలావరకు తెలిసివస్తాయి.

తీర్పు ఎట్లా వచ్చింది?

1963 మే 4వ తేదీన సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడిచేశారు. అప్పుడు అక్కడ కొందరు పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలంనాటి హైదరాబాదు జూద చట్టం, అంటే ఫసలీ 1305వ సంవత్సరపు చట్టం కింద వారిపై కేసు నడిచింది. మేజిస్ట్రేటు శిక్ష విధించాడు. హైకోర్టు ఆ శిక్షను రద్దుచేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. 1967 నవంబరు 22వ తేదీన సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టివేసింది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ హిదయతుల్లా.

తీర్పులోని తర్కం సుబోధకమైనది. మూడు ముక్కలాటవలె రమ్మీ కేవలం అదృష్టంపై ఆధారపడిన ఆట కాదు. పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవాలి. ఏ ముక్క చేతిలో నిలుపుకోవాలో, ఏది పారవేయాలో ఆలోచించాలి. పేక కలిపి పంచడంలో అదృష్టం ఉన్నమాట నిజమే. కాని ఆ మాత్రపు అదృష్టం బ్రిడ్జి ఆటలోనూ ఉన్నది. అందుచేత రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని న్యాయస్థానం భావించింది. ముక్కలు సమకూర్చినందుకు క్లబ్బు స్వల్పంగా రుసుము వసూలు చేసినంతమాత్రాన అది జూదగృహం కాజాలదని కూడా చెప్పింది.

తీర్పు ఇక్కడితో ఆగలేదు. వేరే విధంగా జూదం జరిగినట్లు సాక్ష్యం ఉన్నా, పందెం పెట్టి ఆడే ఆటనుంచి ఇంటి యజమానిగాని, క్లబ్బుగాని లాభం గడిస్తున్నట్లు తేలినా నేరం నిరూపితం కావచ్చునని కూడా అందులో ఉన్నది. ఇది తీర్పులోని షరతు. వ్యాసాలలో, ప్రకటనలలో తిరిగే వాక్యంలో ఈ షరతు కనిపించదు. వాక్యం మిగిలింది, షరతు రాలిపోయింది.

సగం చెప్పడం కూడా అసత్యమే

ఒక ఆధారాన్ని తనకు అనుకూలమైనంతవరకే ఉదహరించడం పరిశోధనలో సాధారణంగా కనిపించే దోషం. ఇందులో అబద్ధమాడినట్లు కనిపించదు. ఉదహరించిన ప్రతి మాటా మూలంలో ఉంటుంది. అయినా పాఠకుడి మనస్సులో ఏర్పడే అర్థం మూలంలోని అర్థం కాదు. ఒకరి వ్యాసంలోనుంచి మరొకరు, ఆ మరొకరి వ్యాసంలోనుంచి ఇంకొకరు వాక్యాన్ని ఎత్తి వ్రాసుకోవడంవల్ల ఈ దోషం స్థిరపడుతుంది. చదవని గ్రంథాన్ని చదివినట్లు చూపించడం చిన్న తప్పుగా విద్యార్థులకు తోచవచ్చు. సికింద్రాబాదు వ్యాజ్యం విషయంలో ఆ చిన్న తప్పు ఎంత పెద్ద భేదం తెచ్చిందో ముందు ముందు స్పష్టమవుతుంది.

రెండవ దోషం మరింత సూక్ష్మమైనది. న్యాయస్థానం తన ముందున్న చట్టాన్నిబట్టి, సాక్ష్యాన్నిబట్టి ఒక వివాదాన్ని తీర్చింది. పేకముక్కలతో ప్రయోగాలు చేయలేదు. వేయి ఆటల ఫలితాలు లెక్కించలేదు. అది దాని పని కాదు. కనుక దోషం తీర్పుది కాదు. న్యాయనిర్ణయాన్ని ప్రయోగఫలితంగా చూపించేవారిది. ఒక ఆటలో నైపుణ్యం పాలు ఎంత అన్నది కొలతకు అందే విషయం. కొలతకు అందే విషయాన్ని ప్రమాణవాక్యంతో తేల్చకూడదు.

నైపుణ్యాన్ని కొలవడం ఎట్లా?

తెలుగు ఇళ్ళలో ఆడే ఆటలనే తీసుకోవచ్చును. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినా, పాము నోట పడినా అంతా పాచిక వల్లనే. అక్కడ ఆటగాడు చేసే ఆలోచన ఏమీ లేదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది పులిజూదం. పేరులో జూదం ఉన్నా అందులో అదృష్టానికి చోటు లేదు. పులిని, మేకను ఎటు జరపాలో ఆలోచనే నిర్ణయిస్తుంది. ఆట పేరునుబట్టి ఆట స్వభావాన్ని నిశ్చయించరాదని చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం ఉండదు. అష్టాచెమ్మాలో గవ్వలు పడడం అదృష్టం, ఏ కాయను నడపాలో ఎంచుకోవడం నైపుణ్యం. రమ్మీ ఈ మధ్యతరగతికి చెందినది.

ఇటువంటి మిశ్రమ క్రీడలో నైపుణ్యం ఎన్ని ఆటలకు బయటపడుతుంది? ఇద్దరు ఆటగాళ్ళలో ఒకడు కొంచెం నేర్పరి అనుకొందాం. నూరు ఆటలలో సగటున అతడు 55 గెలుస్తాడు. ఇద్దరూ సమానులైతే చెరి 50 గెలవాలి. కాని సమానుల మధ్య కూడా ఫలితం సరిగ్గా 50 వద్ద నిలవదు. అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటకు ప్రామాణిక విచలనం అని పేరు. నూరు ఆటలకు దాని విలువ 5. సమానులలో ఒకడు కేవలం అదృష్టంవల్లనే 55 గాని అంతకు మించిగాని గెలవడం నూటికి సుమారు 18 సార్లు జరుగుతుంది. అందుచేత నూరు ఆటలు చూసి, 55 గెలిచినవాడు నేర్పరి అని చెప్పడం తొందరపాటు. అదే వేయి ఆటలైతే ప్రామాణిక విచలనం సుమారు 16. సమానులలో ఒకడు 550 గెలవడం వేయింట ఒకసారికూడా జరగదు. కనుక అప్పుడు నైపుణ్యం ఉన్నదని ధైర్యంగా చెప్పవచ్చును.

దీనినిబట్టి తేలేదేమిటి? ఒక సాయంకాలం ఆడినవానికి అదృష్టపు ఆటగా తోచేదే సంవత్సరం పొడుగునా ఆడినవానికి నైపుణ్యపు ఆట కావచ్చును. రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్నకు ఔను, కాదు అనే జవాబు చాలదు. ఎన్ని ఆటలలో, ఎవరెవరి మధ్య, ఎంత పాలు అని అడగాలి. ఈ విధంగా అడగని పరిశోధన అంకెలు ఎన్ని చూపినా శాస్త్రం అనిపించుకోదు.

ఇక రాలిపోయిన షరతు సంగతి. ఆరుగురు ఆటగాళ్ళు తలా 100 రూపాయలు వేశారనుకొందాం. మొత్తం 600. ఆట నడిపేవాడు నూటికి 10 చొప్పున 60 రూపాయలు తీసుకొంటే, గెలిచినవారికి చేరేది 540. ఎవరు గెలిచినా, ఎంత నైపుణ్యంతో గెలిచినా, ఆరుగురికీ కలిపి 60 రూపాయలు పోయినవి. అంటే తలకు సగటున 10 రూపాయలు. ఈ లెక్కన నూరు ఆటలు ఆడితే సగటు ఆటగాడు వేయి రూపాయలు కోల్పోతాడు. నైపుణ్యం ఎవరు గెలుస్తారో చెబుతుంది; అందరూ కలిసి ఎంత ఓడతారో చెప్పదు. ఆ రెండవది నిర్ణయించేది నడిపేవాని లాభం. తీర్పులోని షరతు చూపిన వైపు ఇదే. ఓడినవాని దృష్టితో చూస్తే నైపుణ్యాన్ని గురించిన వాక్యంకంటె లాభాన్ని గురించిన షరతు విలువైనది. పదేపదే ఉదహరించినవారు విడిచిపెట్టింది సరిగ్గా దానినే.

తరువాతి కాలంలో చట్టమే మారింది. పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ జూద చట్టాలను సవరించి నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ ధనక్రీడల విషయంలో నైపుణ్యం, అదృష్టం అనే విభేదాన్నే పక్కన పెట్టింది. చట్టం ప్రశ్నను విడిచినా శాస్త్రానికి ఆ ప్రశ్న మిగిలే ఉన్నది. దానికి జవాబు వెదికే విద్యార్థి లెక్కలలోనూ, మనుషుల విషయంలోనూ ఎట్లా మెలగాలి అన్నది ఇప్పుడు చూడవలసిన సంగతి.

లెక్కలలో నిజాయితీ

పాఠశాలలో చేసి చూపదగిన ప్రయోగం ఒకటున్నది. తరగతిలోని 32 మంది విద్యార్థులు తలా అయిదుసార్లు నాణెం ఎగురవేయాలి. వరుసగా అయిదుసార్లూ బొమ్మ పడే అవకాశం ముప్పైరెండింట ఒకటి. కనుక సగటున ఒక విద్యార్థికి అయిదూ బొమ్మలే పడతాయి. మిగిలిన 31 మందిని దాచి, ఆ ఒక్కని మాత్రమే లోకానికి చూపిస్తే బొమ్మ వేయడంలో అతడు సిద్ధహస్తుడని నమ్మించవచ్చును. నాణెం మోసం చేయలేదు, విద్యార్థి మోసం చేయలేదు. ఎన్నిక మోసం చేసింది. ఒకే ప్రశ్నావళిని ఇరవై విధాల విడదీసి, అనుకూలంగా వచ్చిన ఒక్క ఫలితాన్ని మాత్రం ప్రకటించే పరిశోధకుడు చేసేది కూడా ఇదే.

దీనికి మందు లేకపోలేదు. ఏమి కొలవబోతున్నారో, ఎట్లా లెక్కించబోతున్నారో లెక్క మొదలుపెట్టకముందే వ్రాసి నమోదు చేయడం ఆ మందు. హింసాత్మకమైన కంప్యూటరు ఆటలు పిల్లలలో దుడుకుతనం పెంచుతాయా అనే ప్రశ్నను 2019లో ప్రకటితమైన ఒక బ్రిటిష్ పరిశోధన ఈ పద్ధతిలో పరీక్షించింది. 14, 15 ఏళ్ళ పిల్లలు సుమారు వేయిమందినీ, వారి పెద్దలనూ ప్రశ్నించి, అటువంటి సంబంధం కనిపించలేదని చెప్పింది. ఆ జవాబు అందరికీ నచ్చకపోవచ్చును. కాని జవాబు వచ్చిన తరువాత ప్రశ్నను దిద్దలేదన్న భరోసా పాఠకునికి ఉన్నది.

ఇదే రంగంలో దీనికి భిన్నమైన ఉదంతం కూడా ఉన్నది. కాల్పుల ఆటలు ఆడినవారికి నిజమైన గురి కుదురుతుందని 2012లో ఒక వ్యాసం అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంనుంచి వెలువడింది. అంకెలలో పొంతన లేదని ఇతర పరిశోధకులు ఎత్తిచూపారు. తుదకు సరిచూద్దామంటే మొదట వ్రాసిన పరిశోధన పత్రాలే దొరకలేదు. 2017లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. అదే సంవత్సరం విశ్వవిద్యాలయం వ్యాసకర్తలలో ఒకరికి తాను ఇచ్చిన డాక్టరేటు పట్టాను రద్దుచేసింది. విద్యార్థులు దీనినుంచి నేర్చుకోవలసింది సామాన్యమైన సంగతి: మొదటి కాగితం పారవేయరాదు. ఆటగాడు నింపిన ప్రశ్నావళి, మైదానంలో పెన్సిలుతో గీసిన లెక్క, కంప్యూటరులోని తొలి పట్టిక భద్రంగా ఉంటేనే పరిశోధకుని మాటకు సాక్ష్యం ఉంటుంది.

ఆటగాని సమ్మతి

లెక్క నిజమైనంతమాత్రాన పరిశోధన నీతివంతం కాదు. ఆ లెక్క ఎవరి జీవితంనుంచి తీశారో వారిని ఎట్లా చూశారన్నది మిగిలిన సగం.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో లొయోలా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మయర్స్ ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఆన్‌లైన్ ఆటలో ‘ట్విక్స్ట్’ అనే పేరుతో ప్రవేశించాడు. ఆ ఆటలో వీరులూ, దుష్టులూ తలపడడానికి ఒక రంగం ఉండేది. నియమాల ప్రకారం అక్కడ పోరాడాలి. కాని ఆటగాళ్ళు తమలో తాము ఒక ఆచారం ఏర్పరచుకొని, పోరు మాని, స్నేహంగా కబుర్లు చెప్పుకొనేవారు. మయర్స్ ఆచారాన్ని లెక్కచేయక, వ్రాసి ఉన్న నియమాన్నే పాటించి, ఎదుటివారిని వరుసగా ఓడించసాగాడు. తిట్లు వచ్చినవి, చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చినవి. సమాజం తన కట్టుబాటు తప్పినవానిని ఎట్లా శిక్షిస్తుందో చూపడానికి అతడు దీనిని ఉపయోగించాడు. 2009లో ఈ కథ పత్రికలకెక్కింది.

ఈ పరిశీలన విలువలేనిదని చెప్పలేము. ఒక విషయం బయటపడింది. అయితే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు. ఆ ఆటగాళ్ళు సాయంకాలం విశ్రాంతికోసం వచ్చినవారు. తాము ఒక అధ్యయనంలో పాత్రలమని వారికి తెలియదు. సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్సులో ఆడుతున్న పిల్లలను గట్టుమీద నిలబడి చూడడం ఒకటి, కావాలని బంతి ఎత్తుకొనిపోయి వారు ఎట్లా ఏడుస్తారో వ్రాసుకోవడం మరొకటి. మొదటిది పరిశీలన, రెండవది ప్రయోగం. ప్రయోగానికి సమ్మతి కావాలి. సమ్మతి అడిగితే ఫలితం చెడుతుందని పరిశోధకుడు భావిస్తే, అతడు ఒక్కడే ఆ నిర్ణయం చేసుకోరాదు. ముందుగా ఒక సంఘం ఎదుట కారణం చెప్పాలి. పని ముగిసిన తరువాత ఆటగాళ్ళకు నిజం చెప్పాలి. వద్దన్నవారి సమాచారం తీసివేయాలి.

సమ్మతికి డబ్బు బదులు కాదు. దీనికి కూడా సికింద్రాబాదులోనే పాత నిదర్శనం ఉన్నది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది ఇక్కడనే. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. ఆనాటికి మానవులపై ప్రయోగాలకు అంతర్జాతీయ నియమాలు లేవు. స్వచ్ఛందమైన సమ్మతి తప్పనిసరి అని నూరెంబర్గ్ నియమావళి చాటింది 1947లో. నేటి దృష్టితో అణాలు ఇవ్వడం ఒక్కటే సరిపోదు. ఏమి జరుగుతుందో, ఏమి నష్టం రావచ్చునో పాల్గొనేవాని భాషలో చెప్పాలి. ఎప్పుడైనా మానుకొనే స్వేచ్ఛ ఉండాలి. పందెంలో ఓడి అప్పులపాలైన ఆటగాడిని ప్రశ్నించవలసివస్తే ఇది మరింత ముఖ్యం. అవసరంలో ఉన్నవాడు నాలుగు రూపాయలకోసం చెప్పుకోరాని సంగతులు కూడా చెప్పవచ్చును. ఆ మాటలు పరిశోధకునికి పట్టికలో ఒక గడి; చెప్పినవానికి కుటుంబ గౌరవం.

అందుచేతనే పేరు మరుగుపరచడం అవసరం. అయితే పేరు తీసివేసినంతమాత్రాన మనిషి మరుగుపడడు. ఫలానా పాఠశాల జట్టులో పదిహేనేళ్ళ ఎడమచేతి వేగపు బౌలరు, మోకాలి నొప్పితో బాధపడుతున్నాడు అని వ్రాస్తే ఆ ఊరివారందరికీ అతడెవరో తెలిసిపోతుంది. ఆ వాక్యం అతనిని జట్టులోకి ఎంపిక చేసేవారి కంట పడవచ్చును. ఆన్‌లైన్ ఆటలలో మారుపేరు కూడా పేరువంటిదే. ఏళ్ళతరబడి అదే పేరుతో ఆడినవానికి ఆ పేరుమీదనే పరువు ఏర్పడి ఉంటుంది. వారి సంభాషణలోని వాక్యాన్ని యథాతథంగా ముద్రిస్తే, వెదికి పట్టుకోవడం క్షణంలో పని. వయస్సును ఒక అంతరంగా చెప్పడం, ఊరును జిల్లాగా చెప్పడం, మాటలను భావంగా చెప్పడం ఇందుకు ఉపాయాలు.

పిల్లల విషయం వేరుగా చెప్పుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని పిల్లలుగా పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలన్నది. పరిశోధనకు ఆ చట్టంలో షరతులతో కూడిన మినహాయింపు ఉన్నది. చట్టపు మినహాయింపును మర్యాదకు మినహాయింపుగా భావించరాదు. పాఠశాలలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఉపాధ్యాయుడు తరగతిలో నిలబడి, ‘ఈ కాగితాలు నింపండి’ అంటే విద్యార్థి కాదనలేడు. అది ఆజ్ఞే కాని సమ్మతి కాదు. కనుక పరిశోధకుడు పాఠశాలకు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు అడగవచ్చును: నింపనివానికి ఏమైనా నష్టమున్నదా? కాగితం ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటుంది? ఫలితం తిరిగి పాఠశాలకు చెబుతారా? వీటికి తిన్నని జవాబు ఇవ్వలేనివానికి తరగతి గది తలుపు తెరవనక్కరలేదు.

డబ్బు, సమాచారం ఇచ్చేవారెవరు?

ఆటగాడు ఎంతసేపు ఆడాడో అతని కంటె ఆట కంపెనీకి బాగా తెలుసు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో ప్రకటించిన అధ్యయనం ఈ సంగతిని ఉపయోగించుకొన్నది. రెండు ఆటల కంపెనీలు ఇచ్చిన లెక్కలను 3,274 మంది ఆటగాళ్ళు తమ సంతృప్తిని గురించి చెప్పిన జవాబులతో పోల్చింది. ఆడిన కాలానికీ, సంతృప్తికీ స్వల్పమైన అనుకూల సంబంధం కనిపించింది. ఆటగాళ్ళు తాము ఎంతసేపు ఆడామని చెప్పుకొన్నారో దానికీ, యంత్రపు లెక్కకూ తేడా వచ్చింది. ప్రశ్నావళిలో జ్ఞాపకాన్ని మాత్రమే నమ్మే విద్యార్థులకు ఇది హెచ్చరిక.

ఈ పరిశోధకులు తమ సమాచారాన్నీ, లెక్కించిన విధానాన్నీ బహిరంగంగా ఉంచారు. కంపెనీ సహాయం తీసుకొన్నామని చెప్పారు. ఇది మెచ్చుకోదగినది. కాని విమర్శకు ఇంకా చోటున్నది. పిలుపు అందుకొన్నవారిలో జవాబిచ్చింది చాలా కొద్దిమంది. ఆట నచ్చక మానివేసినవారు, ఆటవల్ల చెడిపోయినవారు ఆ కొద్దిమందిలో ఎందరుంటారు? గెలిచి ఇంటికి వచ్చినవానిని మాత్రమే అడిగితే ప్రతి పందెమూ లాభసాటిగానే కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చే సమాచారం తీసుకోవడం తప్పు కాదు. కంపెనీ ఏ ఆటను, ఏ ఆటగాళ్ళను చూడనిచ్చిందో, దేనిని చూడనివ్వలేదో చెప్పకపోవడం తప్పు. డబ్బు పందెంతో నడిచే ఆటలపై పరిశోధన చేసేవారికి ఈ నియమం రెట్టింపుగా వర్తిస్తుంది. అక్కడ ఫలితం ఎటు మొగ్గుతుందో దానినిబట్టి లాభనష్టాలు ఉంటాయి.

నియమావళి చాలునా?

దేశంలో నియమాలు లేకపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో మానవులపై పరిశోధనకు విపులమైన నీతిసూత్రాలు ప్రకటించింది. అవి ముఖ్యంగా వైద్య, ఆరోగ్య పరిశోధనలకు ఉద్దేశించినవి. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘం 2018లో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి నిబంధనలు చేసింది. వాటి ప్రకారం సిద్ధాంత వ్యాసంలో ఇతరుల వ్రాతతో పోలిక నూటికి 10 వరకు ఉంటే శిక్ష లేదు. 10కి మించి 40 వరకు ఉంటే ఆరు నెలల లోపల సవరించి తిరిగి సమర్పించాలి. 40కి మించి 60 వరకు ఉంటే సంవత్సరం పాటు సమర్పించరాదు. 60 దాటితే నమోదే రద్దవుతుంది.

ఈ కొలబద్ద అవసరమైనదే. కాని అది కొలిచేది మాటల పోలికను మాత్రమే. సికింద్రాబాదు తీర్పులోని షరతును విడిచి సగం వాక్యం వ్రాసిన విద్యార్థి, సొంత మాటలలో వ్రాస్తే ఈ కొలబద్దకు దొరకడు. 32 మందిలో ఒక్కనినే చూపినవాడు దొరకడు. పిల్లలచేత బలవంతంగా కాగితాలు నింపించినవాడు దొరకడు. యంత్రం పట్టగలిగింది కాపీని, అన్యాయాన్ని కాదు. నీతిసంఘానికి సమర్పించే దరఖాస్తు కూడా అంతే. గడులన్నీ నింపి, సంతకాలన్నీ సేకరించి, ఆటగానికి ఒక్క ముక్క అర్థమయ్యేట్లు చెప్పని పరిశోధన చట్టానికి సరిపోవచ్చును, న్యాయానికి సరిపోదు. నియమావళి కనీసపు గీత. దాని మీద నిలబడినందుకు ఎవరూ ఉత్తములు కారు.

ఇందులో ఉన్నత పాఠశాలల పాత్ర స్వల్పమైనది కాదు. విశ్వవిద్యాలయంలో చేరేనాటికి విద్యార్థికి అలవాట్లు ఏర్పడి ఉంటాయి. ప్రయోగపు పుస్తకంలో రావలసిన జవాబును ముందుగా చూసి, దానికి సరిపోయేట్లు అంకెలు వేసుకోవడం అలవాటైనవాడు పెద్ద చదువులో ఆ అలవాటును వదలడు. లోలకం ప్రయోగంలో 9.8 రాకపోతే వచ్చినదే వ్రాయనిచ్చి, ఎందుకు రాలేదో చెప్పమనే ఉపాధ్యాయుడు పరిశోధన నీతిలో మొదటి పాఠం చెప్పినవాడవుతాడు. తరగతిలో పులిజూదం, అష్టాచెమ్మా, వైకుంఠపాళి ఆడించి, ఫలితాలు నెలరోజులు వ్రాయించి, దేనిలో నేర్పరి బయటపడుతున్నాడో విద్యార్థులచేతనే చెప్పించవచ్చును. ఆడడం ఇష్టం లేని పిల్లవానిని లెక్కలు వ్రాయడానికి పెట్టవచ్చును. ఓడినవాని పేరు గోడమీద వ్రాయకుండా ఉంటే సమ్మతీ, మరుగుపరచడమూ ఏమిటో పిల్లలకు ఉపన్యాసం లేకుండానే తెలుస్తాయి.

1967నాటి తీర్పు మంచి తీర్పా, కాదా అన్నది న్యాయవేత్తలు చర్చించుకొనే విషయం. పరిశోధక విద్యార్థికి సంబంధించినంతవరకు అందులో చదవవలసిన వాక్యాలు రెండు: నైపుణ్యాన్ని గురించినది ఒకటి, లాభాన్ని గురించినది మరొకటి. రెండూ చదివినవాడు ఆటను చూస్తాడు, ఆటగాడినీ చూస్తాడు. మొదటిదానితోనే ఆగిపోయినవానికి ఆట మాత్రమే కనిపిస్తుంది. ఓడి లేచిపోయిన మనిషి కనిపించడు. ఆ మనిషిని లెక్కలోకి తీసుకోని పరిశోధనలో ఎన్ని అంకెలు ఉన్నా లెక్క పూర్తి కాలేదనే చెప్పాలి.